సముద్రంలో లంకెబిందెలు

విజయవాడ

ఒరేయ్ సుబ్బూ,

మునిగిన ఓడలో సొమ్ము దొరికినవాడిదేనని భలే తేల్చేశావు! గుంటూరులో కూర్చుని ఆ మాట అనేముందు పక్కనే ఉన్న పాత రేవు మోటుపల్లిలోని శాసనం చూడాల్సింది. తుఫానుకి ఓడ బద్దలై ఒడ్డుకి కొట్టుకొస్తే, ఏనుగులో గుర్రాలో బంగారమో, అంతకుముందు రాజులు మొత్తం లాగేసుకునేవాళ్లు. కాకతీయ గణపతిదేవుడు 1244లో, సుంకం తప్ప మిగతాదంతా వర్తకుడిదేనని అభయమిచ్చాడు. సుంకమూ ముప్పయ్యోవంతే. దయతో ఇచ్చానని చెప్పుకున్నాడు గానీ, సరుకుకి భరోసా లేని రేవుకి ఎవడొస్తాడన్న లెక్క కూడా ఉండే ఉంటుంది.

ఇప్పుడూ అంతే. సరుకు కాపాడినవాడికి బహుమానం వస్తుంది, హక్కు రాదు. సొంతదారు వదిలేసుకున్నాడని తేలితేనే దొరికినవాడిది. యుద్ధనౌకైతే మరీ కష్టం, ఎన్నేళ్లు ఊరుకున్నా దేశం వదులుకున్నట్టు కాదు. మునిగిన ఓడల్లో సొమ్ము వెతికే అమెరికా కంపెనీ ఒడిస్సీ అక్కడే దెబ్బతింది. 1804లో పోర్చుగల్ దగ్గర ఇంగ్లీషువాళ్ల దాడిలో పేలిపోయిన స్పెయిన్ యుద్ధనౌక మెర్సిడెస్ నుంచి తీసిన 17 టన్నుల నాణేలని 2007లో విమానాల్లో అమెరికాకి చేర్చింది. 2012లో స్పెయిన్‌కి అప్పజెప్పక తప్పలేదు. ఆ వెండి మా గడ్డదని పెరూ మొత్తుకుంది, చెల్లలేదు. మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి కదా, పెరూవాళ్ల కడుపుమంట నాకైతే అర్థమవుతుంది.

అసలు తియ్యడమే పెద్ద తంటా. సంచి చివికిపోయినా నాణేలు సంచి ఆకారంలోనే నల్లటి గడ్డ కట్టి ఉంటాయి. అది ఎక్కడుందో, దేనికింద ఉందో కొలిచి, ఫొటో తీసి, గీసుకున్నాకే ముట్టుకోవాలి. పగలగొట్టి ఏరుకుంటే మిగిలేది వెండి ధరే. ఇనుప ఫిరంగైతే లోపలిదాకా ఉప్పు పట్టి ఉంటుంది. ఆరిందా, తుప్పు ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. కాస్టిక్ సోడా నీళ్ల తొట్టిలో ముంచి, సన్నగా కరెంటు పంపి, బయటికొచ్చే ఉప్పు (క్లోరైడు) కొలుస్తూ నీళ్లు మారుస్తూ ఏళ్లు గడపాలి. స్వీడన్‌వాళ్లు 1961లో పైకి తీసిన వాసా ఓడ చెక్కకి 17 ఏళ్లు మందునీళ్లు చల్లారు. అమ్ముకునేవాడు అంత ఖర్చు పెడతాడా? వెండి పట్టుకుపోయి ఫిరంగిని గాలికొదిలేస్తాడు. అందుకే 2001 యునెస్కో ఒప్పందం, నూరేళ్లు నీళ్లలో ఉన్నదాన్ని ముందు ఉన్నచోటే ఉంచే దారి చూడమంది, అమ్మకం వద్దంది. అది కాస్త అతి అని నువ్వంటావని తెలుసు. వలలు ఈడ్చి పాడుచేసే చోటైతే నేనూ తియ్యమనే అంటాను.

పొలంలో లంకెబిందెలకి 1878 చట్టం ఉంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. అది మట్టిలో దాచినదానికి. సముద్రానిది వేరే దారి. నిజాంపట్నం డచ్చివాళ్లు 1606లోనే దిగిన రేవు, మీవైపు జాలర్ల వలకి ఏదైనా తగలకపోదు. తగిలితే సుత్తితో కొట్టొద్దను, గోకొద్దను, ఎండలో పెట్టొద్దను. సముద్రపు నీళ్ల తొట్టిలోనే ఉంచి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని, రేవు అధికారులకి చెప్పమను. ఆ చోటు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దను.

నీ
రాముడు