వార్షిక నివేదిక: ఆర్టీమియా పెంపకంలో మేత మోతాదు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సర్వసభ్య సమావేశం, సభ్యత్వాల పునరుద్ధరణ, జమాఖర్చుల తనిఖీ యథావిధిగా పూర్తయ్యాయి. వాటి పత్రాలను సభ్యుల పరిశీలన కోసం కార్యాలయంలో ఉంచాం. సంఘం సమయం, నిధులు ఎక్కువగా ఖర్చయింది మాత్రం ప్రయోగశాలలోనే. రొయ్య పిల్లలకు సజీవ మేతగా వేసే ఉప్పునీటి చిన్న జీవి ఆర్టీమియా. దానికి ఎంత మేత వేస్తే బాగా ఎదుగుతుందన్న ప్రశ్నకు అక్కడ సమాధానం వెతికాం.

2009లో వెనామీ రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చిన తర్వాత రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే కోస్తా హ్యాచరీలకు ఆర్టీమియా అవసరం బాగా పెరిగింది. కొనే ఆర్టీమియా గుడ్లలో పెద్ద భాగం అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ సరుకే కాబట్టి ధర మన చేతిలో లేదు. కొన్న గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను పూర్తిగా పెంచి, తల్లి రొయ్యలకు కూడా మేతగా వాడుకోగలిగితే ఖర్చు కలిసివస్తుందన్న ఆలోచనతో ఈ పనికి పూనుకున్నాం.

ఉప్పదనం, వేడి, గాలి సరఫరా, పిల్లల సాంద్రత అన్ని ట్యాంకుల్లోనూ సమానంగా ఉంచి, మేతను మాత్రం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మోతాదుల్లో ఇచ్చాం. ఆర్టీమియా సుమారు 50 మైక్రాన్లకు మించిన రేణువులను మింగలేదు కనుక తౌడును, స్పైరులినా పొడిని నీటిలో కలిపి సన్నని గుడ్డలో వడగట్టి వాడాం. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల మొదటి దశలో తనలోని పచ్చసొన మీదే బతుకుతుంది. దాని జీర్ణనాళం అప్పటికి తెరుచుకోదు. సుమారు 8 గంటల తర్వాత పొర విడిచి రెండో దశకు చేరాకే మేత తీసుకుంటుంది. అంతకుముందు వేసే మేత నీటిని పాడుచేయడానికే పనికొస్తుంది కాబట్టి, పిల్లలు ఆ దశకు చేరాయని సూక్ష్మదర్శినిలో చూశాకే మొదటి మేత వేశాం.

తక్కువ మేత వేసిన ట్యాంకుల్లో పిల్లల పేగు అక్కడక్కడా ఖాళీగా కనిపించింది, పొర విడవడం ఆలస్యమైంది, ఒకే వయసు పిల్లల్లో సైజు తేడా బాగా వచ్చింది. మధ్యస్థ మోతాదులో పేగు తల నుంచి తోక దాకా తెగని గీతలా నిండుగా ఉండి, రెండు వారాలు దాటేసరికి చాలావరకు పెద్దవయ్యాయి. ఎక్కువ మేత వేసిన ట్యాంకుల సంగతే సభ్యులు శ్రద్ధగా గమనించాలి. మొదటి రోజుల్లో అక్కడి ఎదుగుదల మధ్యస్థ ట్యాంకులను మించలేదు. ఆ తర్వాత నీరు చిక్కబడి, అడుగున మడ్డి పేరుకుని, పిల్లలు చావడం మొదలైంది.

దీనికి కారణం ఆర్టీమియా తినే తీరులోనే ఉంది. అది ఎంపిక లేకుండా, ఆగకుండా నీటిని వడపోస్తూ తింటుంది. నీటిలో రేణువులు మరీ ఎక్కువైతే తిన్నది పేగులో నిలవకుండా, సరిగా అరగకుండానే బయటికి పోతుంది. అలా పోయినదీ, మిగిలిపోయినదీ కుళ్లి ప్రాణవాయువును తగ్గిస్తాయి, అమ్మోనియాను పెంచుతాయి, విబ్రియో వంటి బాక్టీరియాకు చోటిస్తాయి. ఆ బాక్టీరియాను మోసిన ఆర్టీమియాను రొయ్య పిల్లలకు వేస్తే నష్టం ఒక్క ట్యాంకుతో ఆగదు. అందుకే, కొరత కన్నా అధిక మేతే మనకు పెద్ద ప్రమాదమని కార్యవర్గం అభిప్రాయపడుతోంది. ఆర్టీమియా ఎర్రబడితే బలంగా ఉన్నట్టని కొందరు సభ్యులు అనుకుంటున్నారు. ప్రాణవాయువు తగ్గినప్పుడు దాని రక్తంలో హిమోగ్లోబిన్ పెరిగి కూడా ఆ రంగు వస్తుంది కాబట్టి, ఎరుపు కనిపిస్తే ముందుగా గాలి సరఫరాను చూడాలి.

మేతను తూకం లెక్కన ఒకేసారి పోయకుండా, పగలూ రాత్రీ కొద్దికొద్దిగా వేస్తూ నీటి పారదర్శకతను కొలవడం మంచిదని తేలింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1996లో ప్రచురించిన కరదీపిక ప్రకారం, మొదటి వారం సెక్కీ పళ్లెం (పారదర్శకత కొలవడానికి నీటిలోకి దించే గుండ్రని పళ్లెం) 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకు, ఆ తర్వాత 20 నుంచి 25 సెంటీమీటర్ల వరకు కనిపించేలా మేత సర్దుకోవాలి. లోతు చాలని గాజు పాత్రల్లో పేగు నిండుదనాన్ని చూసి నిర్ణయించాం.

వచ్చే ఏడాది తౌడుకు బదులు డునాలియెల్లా నాచును పెంచి ఇదే పరీక్ష చేయాలని కార్యవర్గం తీర్మానించింది. తమ హ్యాచరీల్లో ఆర్టీమియా పెంచుతున్న సభ్యులు రోజువారీ మేత బరువును, పారదర్శకత కొలతను నమోదు చేయడానికి ముద్రించిన పుస్తకాలు కార్యాలయంలో సిద్ధంగా ఉన్నాయి.

కార్యదర్శి