గాలి తగిలితే చచ్చే క్రిమి

సంపాదకులకు,

మధుమేహంతో మా నాన్నగారి పాదానికి పుండు పడింది. నల్లగొండలోని ఒక ఆసుపత్రిలో కట్టు విప్పగానే పక్క మంచం వాళ్లు ముక్కు మూసుకున్నారు. దూది పుల్లతో చీము అద్ది, మధ్యాహ్నం దాకా కిటికీ గట్టు మీద ఉంచారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: ‘క్రిములు పెరగలేదు’. ఎలా పెరుగుతాయి? అంత దుర్వాసన కొట్టే పుండులో తరచుగా ఉండేవి బాక్టీరాయిడీస్ వంటి అవాయు బ్యాక్టీరియా. వాటికి ఆక్సిజనే విషం. చీమును లోపలి నుంచి సిరంజితో లాగి, గాలి తగలకుండా వెంటనే ల్యాబుకు చేర్చాలి. అక్కడ ఆక్సిజన్ లేని జాడీలో కనీసం 48 గంటలు పెంచాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి కదా, చుట్టుపక్కల ఆసుపత్రుల నమూనాలకు అక్కడ ఈ పరీక్ష చేయించాలి. అది కుదిరేదాకా, రిపోర్టు మీద ‘అవాయు పరీక్ష చేయలేదు’ అనైనా రాయమనండి.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ