ఒసేయ్ గోంగూరా, బండి సంగతి విను

ఆస్టిన్, మంగళవారం పొద్దున

ఒసేయ్ గోంగూరా,

తిట్టుకో, పడతా. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఇక్కడ అందరం బాగున్నాం. నాకు ముప్పయ్యో వారం, బీపీ బాగానే ఉంది, పొట్ట మాత్రం మన హాస్టల్ ఇడ్లీలా (ఆదివారం ఇడ్లీ కాదు, రెండో రకం. నీకు తెలుసు!). వార్తలయిపోయాయి. అసలు సంగతికొస్తా.

కాన్పు ఆస్పత్రిలో వద్దనుకున్నాం.

ఆగు, అరవకు. ఇక్కడ బర్త్ సెంటర్లని ఉంటాయి. చూస్తే మామూలు ఇల్లే. గదిలో పెద్ద మంచం, పక్కన నీళ్ల తొట్టి, నొప్పులప్పుడు పట్టుకుని వేలాడటానికి పైనుంచి కట్టిన పొడుగాటి గుడ్డ. అంతా మిడ్‌వైఫ్‌లే, అంటే చదువుకుని శిక్షణ పొందిన మంత్రసానులే చూసుకుంటారు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలీకుండా నడుముకిచ్చే మందు) ఉండదు. కవలలైనా, బీపీ ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా ముందే ఆస్పత్రికి పొమ్మంటారు. సవ్యంగా జరిగితే కొన్ని గంటల్లోనే బిడ్డతో ఇంటికి.

మా అక్క కథ తెలుసుగా. కరీంనగర్‌లో, నొప్పులు రాకముందే, పంతులు పెట్టిన ముహూర్తానికి కోశారు. 2019-21 సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో వందకి 81 కాన్పులు ఆపరేషన్లే. ఇక్కడ అమెరికాలోనూ దాదాపు మూడోవంతు. "నొప్పులెలా ఉంటాయో నాకు తెలీనే లేదే" అంటుంది అక్క, ఇప్పటికీ. అది విన్నప్పుడల్లా నాకు... సరే, వదిలేయ్.

అమ్మ గోల చేస్తుందనీ, అమ్మమ్మ వెనకేసుకొస్తుందనీ లెక్కేసుకున్నా. తొమ్మిది కాన్పులూ ఇంట్లోనే కదా ఆవిడకి! లెక్క తిరగబడింది. అమ్మ "నీ ఇష్టం" అంది. అమ్మమ్మ ఫోన్ లాక్కుంది.

"అందులో ఎందరు మిగిలారో లెక్కపెట్టు."

ఐదుగురు. ఆ తర్వాత ఎన్నడూ చెప్పనిది చెప్పింది. వాళ్ల చెల్లెలికి బిడ్డ పుట్టింది గానీ మాయ పడలేదట. నెత్తురు ఆగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. ఎడ్లబండేమో పొలంలో ఉంది. "ఆ ఇంటి దగ్గర బండి ఉంటదా?" అనడిగి ఫోన్ అమ్మకిచ్చేసింది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మర్నాడే వెళ్లి మిడ్‌వైఫ్‌ని అదే అడిగా. నవ్వలేదు ఆమె. అల్మారా తీసి నెత్తురు ఆగడానికిచ్చే ఇంజెక్షన్లు, సెలైన్, ఆక్సిజన్ చూపించింది. 2013లో వచ్చిన అధ్యయనంలో 15,574 మందిని చూస్తే, నొప్పులతో ఇలాంటి సెంటర్‌లో చేరాక వందకి పన్నెండు మందిని ఆస్పత్రికి మార్చాల్సి వచ్చిందట. ఎక్కువమంది తొలికాన్పు వాళ్లే, అంటే నాలాంటి వాళ్లే! చాలావరకు ప్రాణాపాయమేం కాదట, కాన్పు ముందుకు సాగక. అడక్కుండానే చెప్పింది చూడు, అక్కడే నాకు గురి కుదిరింది.

ఇక మా ఆయన వీరంగం. సెంటర్ నుంచి ఆస్పత్రికి కారేసుకుని స్టాప్‌వాచ్‌తో ట్రయల్. రాత్రి పదకొండింటికి 6 నిమిషాలు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ 14. రెండోసారి నేను వెనక సీట్లో మూలుగుతూ యాక్షన్ చేశా, అచ్చం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ రోజు నీ కడుపునొప్పిలా. ఆ ఆస్పత్రిలో కూడా పేరు రాయించి పెట్టుకున్నాంలే.

అమ్మమ్మకి ఈ లెక్కలు చెప్తే, కాసేపు ఆలోచించి, "అయితే సాయంత్రం కనకు" అంది!

ఇన్సూరెన్స్ గొడవ ఇంకా చెప్పనేలేదు, అదో భారతం. నువ్వడిగిన ఆ రెండో విషయం కూడా... అదుగో, కింద హారన్ కొడుతున్నాడు. పొద్దుటి ట్రాఫిక్‌లో మూడో ట్రయలట. ఉంటానే,

నీ
బండోడి పెళ్లాం