ఈ తొలకరికి మా దగ్గర ఏ లిల్లీలు ఉన్నాయి, ఏవి లేవు

పర్లాకిమిడి వాళ్లకీ, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం నుంచి శ్రమపడి మా నర్సరీకి వచ్చేవాళ్లకీ నమస్కారం. వానలు మొదలైన దగ్గర్నుంచి లిల్లీ దుంపల కోసం రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాసేస్తున్నాను.

ముందు లేనివాటి సంగతి. ఏసియాటిక్, ఓరియంటల్ అంటూ రంగుల బొమ్మతో పాకెట్లలో వచ్చే లిలియం దుంపలు ఈ ఏడాది తెప్పించలేదు, ఇకమీదట తెప్పించను. నాలుగు డబ్బులు మిగిలేది వాటి మీదే, అయినా మానేశాను. ఆ దుంప పూయాలంటే కొన్ని వారాలు గట్టి చలి తగలాలి. కోల్డ్ స్టోరేజీలో ఆ చలి తగిలాకే మన దాకా వస్తుంది కాబట్టి మొదటిసారి బ్రహ్మాండంగా పూస్తుంది. మన నేలలో అంత చలి ఉండదు. పైగా దానికి పైపొర ఉండదు, అంతా పొలుసులే, వానకు ఇట్టే కుళ్లిపోతుంది. ఒక్కసారి పూసి పోయే దుంపను ఏటా పూస్తుందని చెప్పి అమ్మడం నాకు ఇష్టం లేదు. లిలియాన్ని గుర్తుపట్టడం తేలికే: నిలువుగా లేచిన కాండం పొడవునా ఆకులుంటాయి. ఇక్కడ చెప్పే మిగతా లిల్లీలకు ఆకులు దాదాపుగా మొదలు దగ్గర్నుంచే వస్తాయి.

ఎర్రగా, పెద్ద గరాటు ఆకారంలో పూసే ‘అమరిల్లిస్’ మన ఎండలకు చక్కగా తట్టుకుంటుంది, కావలసినన్ని ఉన్నాయి. ఈసారి చీటీ మీద మాత్రం హిప్పియాస్ట్రమ్ అని రాశాను. ఇది దక్షిణ అమెరికా మొక్క. అసలు అమరిల్లిస్‌ది దక్షిణాఫ్రికా. ఆ పేరు ఎవరికి చెందాలన్న తగువు వృక్షశాస్త్రవేత్తల మధ్య చాలాకాలం నడిచి, 1987 అంతర్జాతీయ మహాసభలో ఆఫ్రికా మొక్కకే ఖాయమైంది. మీ ఇంట్లో ఉన్నదేదో తేల్చుకోవాలంటే పువ్వు వాడాక కాడను అడ్డంగా కోసి చూడండి. లోపల బోలుగా ఉంటే హిప్పియాస్ట్రమ్, గట్టిగా నిండుగా ఉంటే అమరిల్లిస్.

ఎక్కువ తికమక పడేది తెల్ల పూల దగ్గర. స్పైడర్ లిల్లీ, క్రైనమ్ రెండిటికీ సన్నటి పొడుగాటి రేకులే, సాయంత్రానికి రెండూ ఘుమఘుమలాడతాయి. పువ్వును దగ్గరగా పట్టుకుని మధ్యలోకి చూడండి. స్పైడర్ లిల్లీలో పల్చటి తెల్లని గిన్నె ఉంటుంది, వెలుతురుకు పెడితే వేలు కనిపించేంత పలచన. ఆరు కేసరాలూ ఆ గిన్నె అంచు మీద నుంచే లేస్తాయి. క్రైనమ్‌కు గిన్నె ఉండదు. కేసరాలు దేనికది విడివిడిగా ఉంటాయి, మన పెరళ్లలో ఉండే రకానికైతే వాటి కాడలు ముదురు వంగపండు రంగు. పువ్వు లేనప్పుడు ఆకు చూడండి: క్రైనమ్ ఆకు నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గదు, స్పైడర్ లిల్లీది రెండు వేళ్లు. ఇంత పట్టింపు ఎందుకంటే, క్రైనమ్ మనిషి ఛాతీ ఎత్తుకు ఎదిగి, పక్క మొక్కలను కమ్మేస్తుంది. బాల్కనీ కుండీలో పెట్టుకునేది కాదు. పెరట్లో గట్టు వెంట వేస్తే దాని అందమే వేరు.

వాన లిల్లీల్లో తెల్లది, పసుపుది ఎవరికైనా తెలుస్తాయి. గులాబీ రంగువే రెండున్నాయి. జెఫిరాంథిస్ రోజియా చిన్నది, అంగుళం పైచిలుకు, పువ్వు గుండెలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. కారినాటా దానికి రెట్టింపు, ఆకు కూడా వెడల్పు. రెండూ కలిపి అమ్మేవాళ్లున్నారు. నేను వేరు చేసి పెట్టాను, ధర కూడా వేరు. మొగ్గ రాకపోతే వారం రోజులు నీళ్లు ఆపి, ఒక్కసారిగా బాగా తడపండి.

డే లిల్లీ ఈసారి కొద్దిగానే వచ్చింది. దానికి దుంప ఉండదు, ఉబ్బిన వేర్లే ఉంటాయి. ఒక్కో పువ్వు ఒక్క రోజే నిలుస్తుంది, తెలిసి కొనండి. దండలకు కట్టే లిల్లీ దుంపలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. హిప్పియాస్ట్రమ్, స్పైడర్ లిల్లీ దుంపలు చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డలే, క్రైనమ్‌దీ అలాంటిదే. మూడూ విషమే, తింటే వాంతులు పట్టుకుంటాయి. కొన్న సంచీ తీసుకెళ్లి వంటింట్లో పెట్టకండి, పిల్లలకు అందనివ్వకండి. ఇంట్లో పిల్లి ఉంటే లిలియం, డే లిల్లీ రెండూ వద్దు. ఆకు కొరికినా దాని మూత్రపిండాలు పాడైపోతాయి.

పేరు తెలియని మొక్క ఉంటే వాట్సాప్‌లో పంపండి, చూసి చెబుతాను. ఫొటో పై నుంచి ఒక్కటి తీస్తే తేలదు. పువ్వు లోపల ఒకటి, పక్క నుంచి కాడ కనిపించేలా ఒకటి, ఆకు మొదలు మట్టిలోంచి వచ్చే చోట ఒకటి తీయండి.