ఆదివారం పదింటికి నేను ఫోన్ చెయ్యను

ఒంగోలు,
మే 27

చిన్నోడా,

ఈసారి "ప్రభువు నామంలో శుభములు" అని మొదలుపెట్టలేదు. పెడితే సంఘానికి రాసిన సర్క్యులర్ అనుకుని మడిచి దిండు కింద పడేస్తావని అనుమానం. వాట్సాప్‌లో రాయొచ్చు కదా అంటావు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చెరిపేశాను. 'టైపింగ్' అని నీకు కనపడే ఉంటుంది. అందుకని స్కూల్లో పరీక్షలకు మిగిలిన తెల్లకాగితాల మీద కూర్చుని రాస్తున్నాను. ఆవకాయ పార్శిల్‌లోనే పెడుతున్నాను. నూనె అంటి ఉంటే నన్ననకు, సీసా మూత బిగించింది మీ అమ్మ.

ఇక్కడ రోహిణి కార్తె వచ్చేసింది. మేడ మీద ట్యాంకు నీళ్లు పదకొండింటికే చెయ్యి పెట్టనివ్వడం లేదు. ముంజెలవాడు మన సందులోకి రోజూ వస్తున్నాడు. నువ్వు లేవని తెలిసినా మీ అమ్మ డజను కొంటోంది. చివరికి నేనే తినాల్సి వస్తోంది.

ఆ రోజు ఫోన్‌లో నువ్వన్న మాట దగ్గరికి వస్తాను. "నన్ను ముంచింది నువ్వే నాన్నా" అన్నావు. అని పెట్టేశావు. దేని గురించి అన్నావో నాకు అర్థం కాలేదు. సీటు సంగతా, బాప్తిస్మం సంగతా? రెండు రాత్రులు ఆలోచించాక రెండింటి గురించీ అయి ఉంటుందనిపించింది. రెండిట్లోనూ నీ చేతిలో ఉండాల్సింది నేనే లాక్కున్నాను.

ముందు బాప్తిస్మం. మన బాప్టిస్టుల్లో పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డను ప్రతిష్ఠ చేసి ఊరుకుంటారు. వాడు పెద్దయ్యాక, వాడంతట వాడే వచ్చి నాకు కావాలి అంటేనే నీళ్లలోకి దించాలి. గుంటూరు పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా మీ లూథరన్ మావయ్యలతో దీనిమీద వాదన పెట్టుకునేవాణ్ణి. "ఉయ్యాల్లో ఉన్నవాడికి ఏం తెలుసని నీళ్లు చల్లుతారు బావా" అని పెద్ద గొంతేసుకుని అడిగేవాణ్ణి. అలాంటివాణ్ణి, నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరం అయిన ఎండాకాలం, కూటాల చివరి రోజున నీ పేరు నేనే రాయించాను. నిన్ను అడగలేదు. "రేపు తెల్లబట్టలు వేసుకో" అన్నాను, అంతే.

కారణం కూడా చెప్పాలి, ఇన్నాళ్లూ మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆ ఏడు సంఘపెద్దల ఎన్నికల్లో నా పేరు ఉంది. "మాస్టారి అబ్బాయి ఇంకా తీసుకోలేదే" అని ఒకరిద్దరు అన్నారు. అది నా చెవిన పడింది. అంతకుమించి పెద్ద కారణం ఏమీ లేదు.

చర్చి వెనక తొట్టిలో నడుం లోతు నీళ్లు. పాస్టర్‌గారు "ఇష్టపూర్వకంగానే వస్తున్నావా నాయనా" అని అడిగారు. నువ్వు ఆయనకు జవాబు చెప్పలేదు. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ నావైపు చూశావు. నేను తలాడించాను. అప్పుడు "అవును" అన్నావు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు దాన్ని విధేయత అనుకుని మురిసిపోయాను.

ఇక సర్టిఫికెట్. నిన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు అప్లికేషన్‌లో మతం, కులం అని రెండు గళ్లున్నాయి. నాతో పనిచేసే ఒకాయన పక్కకు పిలిచి, "మాస్టారూ, హిందూ అని రాసెయ్యండి, పిల్లాడి భవిష్యత్తు చూసుకోండి" అన్నాడు. మీ అమ్మ కూడా, ఒకసారి ఆలోచించండి అంది. నేను క్రైస్తవ అని రాశాను. పెదనాన్న మీ అన్నయ్యకు అలా రాయలేదు. అందుకే వాడికి ఎస్సీ సర్టిఫికెట్, నీకు బీసీ-సి. నీకంటే ఎన్నో వేల ర్యాంకు వెనక ఉన్నవాడు నువ్వు కోరుకున్న కాలేజీలో చదువుతున్నాడు. కౌన్సెలింగ్ రోజున నెట్ సెంటర్‌లో ఆ లిస్టు చూసి నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చి చెరుకురసం తాగి, డబ్బులు నువ్వే ఇచ్చావు.

ఊరికి సోషల్ చెప్పేవాణ్ణి, ఈ లెక్క నీకు మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులంగా లెక్కించరని. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనల్ని కలపలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు మన రాష్ట్రంలో ఇచ్చింది బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీలకు 15 శాతం. ఈ తేడా తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. చెప్పింది, అంతే.

మరి మనం చర్చికెళ్లినంత మాత్రాన ఊరు మనల్ని చూసే చూపు మారిందా? మన ఇల్లు పల్లెలో ఎక్కడుందో అక్కడే ఉంది. మీ తాత బైబిలు చంకలో పెట్టుకుని నడిచినా, కాఫీ హోటల్లో ఆయన గ్లాసు వేరేగానే ఉండేది. కాబట్టి పెదనాన్నను నేను తప్పు పట్టను. ఆయన అబద్ధమాడాడని నీ దగ్గర ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పి సోమవారం కాగితం మీద వేరేలా రాయడం నాకు చేతకాలేదు. కానీ ఆ నిజాయితీ ఖర్చు నా జీతంలోంచి పోలేదు, నీ ర్యాంకులోంచి పోయింది. అది నాకు కౌన్సెలింగ్ రోజునే తెలుసు. చెరుకురసం డబ్బులు నువ్విచ్చినప్పుడు ఇంకా బాగా తెలిసింది.

మీ రూమ్‌లో ఒకడు నిన్ను 'గొర్రె' అన్నాడని, "మీ వాళ్లు బియ్యం కోసం మతంలో కలిశారంట కదా" అన్నాడని అమ్మ చెప్పింది. నువ్వు నవ్వి ఊరుకున్నావట. వాడికి ఏం చెప్పాలో నేను నేర్పను. నీకు మాత్రం ఒకటి చెబుతాను. ఇది మన ఇంటి సంగతి కూడా.

1876 నుంచి 78 దాకా ఈ జిల్లా కరువుతో మాడిపోయింది. కూలి చూపించడానికి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన మిషనరీ కాకముందు సర్వే పని తెలిసినవాడు. వేలమంది ఆ కాలవలో మట్టి మోశారు. మట్టి మోస్తూనే బోధ విన్నారు, బాప్తిస్మం కావాలని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలు ఆపాడు. పనులు అయిపోయి, పంచడానికి ఏమీ లేనప్పుడు కూడా వాళ్లు తిరిగొచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

మా తాతకు తాత ఆ రోజు ఆ ఏట్లో ఉన్నాడని మన ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం లేదు. ఉంటే బాగుండేది, సర్టిఫికెట్ల ఇల్లు కదా మనది. హైవే మీద గుండ్లకమ్మ వంతెన దాటినప్పుడల్లా నీకీ కథ చెప్పేవాణ్ణి, నువ్వు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాడివి. ఇన్నిసార్లు చెప్పినవాణ్ణి, అందులో ఒక్క ముక్క మింగేశానని ఈమధ్యే తట్టింది. అంతకుముందు వాళ్లింట్లో ఎవరూ చెయ్యని పని ఆయన చేశాడు. వాళ్ల నాన్న ఏమన్నాడో, వాళ్లమ్మ ఎంత ఏడ్చిందో ఎవరూ చెప్పలేదు. ఇల్లు కాదన్న దారిన వెళ్లినవాడి కథను ఇంట్లోవాళ్లు కదలకుండా ఉండటానికి వాడుకున్నాను నేను.

నేనూ ఒక ఎండాకాలం వెళ్లాను, 1993లో. నాకప్పుడు ఇరవై, ఇప్పటి నీ వయసే. సంఘంలో ఉపదేశిగా, అంటే బోధకుడిగా చేసే మీ తాత నన్ను రామాపట్నం సెమినరీలో చేర్పించాలని అప్లికేషన్ తెచ్చాడు. నేను చెప్పాపెట్టకుండా చీమకుర్తి వెళ్లి గ్రానైటు క్వారీలో లోడ్ చీటీలు రాసే పనిలో కుదిరాను. నల్లరాయి పగలంతా ఎండ తాగి రాత్రి కక్కేది. షెడ్డులో పడుకుంటే వీపు కాలేది. రెండు నెలలు ఒక్క ఆదివారం కూడా చర్చి గడప తొక్కలేదు. తొక్కకపోతే ఏమవుతుందో చూద్దామని. ఏమీ కాలేదు. అది చూసే భయం వేసింది నాకు. ఈ మాట కూడా ఇదే మొదటిసారి చెప్పడం.

తిరిగొచ్చి 900 రూపాయలు మీ తాత చేతిలో పెట్టాను. ఎక్కడికెళ్లావు అనలేదు, తిట్టలేదు. నోట్లు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు. అందులోంచి 90 తీసి దశమభాగం అని బైబిల్లో పెట్టి, మిగతా 810 నాకే ఇచ్చేశాడు. సెమినరీ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ 90 రూపాయల మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. ఎండలో మాడి తెచ్చింది నేను, దేవుడికి ఇచ్చేది ఆయనా అని. నీ దగ్గర నేను చేసిందీ అదే కదా, కాకపోతే 90 దగ్గర ఆగలేదు.

నువ్వు ఆదివారం పూట బిర్యానీ డెలివరీ చేస్తూ కనిపించావని మన సంఘంలో ఒకాయన మోసుకొచ్చాడు. నన్ను ఓదార్చడానికి లూకా 15 తీసి తప్పిపోయిన కుమారుడి కథ నాకే చదివి వినిపించాడు. నాకు నవ్వొచ్చింది. నువ్వు ఆస్తిలో భాగం అడగలేదు. అడిగినా పంచడానికేముంది? పదకొండేళ్ల నా స్ప్లెండర్ తీసుకెళ్లావు, దాని పెట్రోలు నువ్వే పోయించుకుంటున్నావు, పోయిన నెల రూమ్ అద్దెకు నన్ను అడగలేదు. "మావాడు తప్పిపోలేదండీ, అడ్రసు నా దగ్గర ఉంది" అన్నాను. ఆయనకు నచ్చలేదు.

వాట్సాప్‌లో నీ పేరులో 'శామ్యూల్' తీసేశావు. వినయ్ ఒక్కటే ఉంది. చూసిన రోజు గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. శామ్యూల్ మీ తాత పేరు, అది నేను పెట్టింది. వినయ్ మీ అమ్మ పెట్టింది. ఆమె మాత్రం లోపల్లోపల సంతోషపడుతోందని నా అనుమానం. ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. సర్టిఫికెట్ల మీద మాత్రం పేరు మార్పించాలంటే గెజిట్ దాకా తిరగాలి, ఆ పని పెట్టుకునేట్టయితే ముందే చెప్పు, కాగితాలు నేను సర్ది ఉంచుతాను.

వి.బి.ఎస్., అదే పిల్లల వేసవి బైబిలు బడి, పది రోజులు అయిపోయింది. డోలక్ వాయించేవాళ్లు లేక నేనే పట్టుకున్నాను. రెండో రోజుకే పిల్లలు "సార్, మీరు చప్పట్లు కొట్టండి చాలు" అన్నారు. ఎదురింటి పిల్ల "వినయ్ అన్న ఎప్పుడొస్తాడు" అని రోజూ అడిగింది. తెలియదన్నాను. ఊరికే అనలేదు, నిజంగానే తెలియదు. ఇకమీద ఎవరడిగినా అదే చెబుతాను. నీ తరఫున నేను జవాబు చెప్పను.

ఇంకొక్కటి. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం పదింటికి నీకు ఫోన్ చేస్తూ వచ్చాను. "టిఫిన్ తిన్నావా" అని అడగడానికి కాదది. నీ వెనక కీర్తన వినపడుతుందా, బండి హారన్లు వినపడతాయా అని చెవి రిక్కించేవాణ్ణి. నీకూ తెలుసనుకుంటాను, పోయిన రెండు వారాలూ ఎత్తలేదు. ఇక ఆ టైముకి చెయ్యను. రాత్రి తొమ్మిదింటికి చేస్తాను. అప్పుడు మీ అమ్మ కూడా ఖాళీగా ఉంటుంది. ఎత్తాలనిపిస్తే ఎత్తు.

బండికి ఇంజన్ ఆయిల్ మార్పించావా? ఎండలో అంత తిప్పేటప్పుడు ఆలస్యం చెయ్యకు. వెనక బ్రేకు కొంచెం లూజు, వెళ్లేటప్పుడు చెప్పడం మర్చిపోయాను. ఇన్సూరెన్స్ కాగితం జిరాక్స్ ఇందులోనే పెట్టాను, వచ్చే నెల 14తో అయిపోతుంది. సీసాల్లో పెద్దది ఆవకాయ, చిన్నది మాగాయ. మాగాయ మీ రూమ్‌వాళ్లకు చూపించకు.

మీ నాన్న