కార్నివాల్‌కు ఒంటరిగా వెళ్లేవారికి ముందు టీకా సంగతి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

బ్రెజిల్ కార్నివాల్ అనగానే పత్రికల్లో ఈకల కిరీటాల ఫొటో వేసి, వీసా, టికెట్ ఖర్చు చెప్పి వదిలేస్తారు. ఆ ఫొటో చూసి వెళ్లాలని ముచ్చటపడే పిల్లలు మన నెల్లూరు, కావలి, ఒంగోలులోనూ ఉన్నారు. ఇంట్లోవాళ్లేమో "ఒక్కడివేనా? అంత జనంలోకా?" అని అడ్డం పడతారు. అడ్డం పడక్కర్లేదు. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర జేబు, చెప్పులు, దారి మూడూ కాపాడుకుని బయటపడ్డవాళ్లకు సగం విద్య వచ్చినట్టే. మిగతా సగం కోసం ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకా. దీంతో చిక్కు తిరిగొచ్చేటప్పుడు వస్తుంది. బ్రెజిల్ నుంచి దిగినవారి చేతిలో ఆ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి పెట్టె సర్దుకునే వారంలో పరుగెత్తితే లాభం లేదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. నెల్లూరు నుంచి వెళ్లిరావడానికి అనువైనది చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని బయల్దేరాలి. సర్టిఫికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఒక్క డోసు జీవితాంతం సరిపోతుంది. గుడ్డు పడనివారు, 60 దాటినవారు, గర్భిణులు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

విమానం అమెరికా మీదుగా అయితే దిగి మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. దుబాయ్, దోహా మీదుగా వెళితే ఆ బాధ లేదు.

కార్నివాల్ తేదీ మన పండగల్లాగే ఏటా మారుతుంది. ఈస్టర్‌కు 47 రోజుల ముందు వచ్చే మంగళవారం ఆఖరి రోజు. 2027లో అది ఫిబ్రవరి 9. మొదటిసారి ఒక్కరే వెళ్లేవారికి రియో కన్నా బ్రెజిల్‌లోనే ఉన్న సాల్వడార్ నగరం మేలని నా అభిప్రాయం. అక్కడ పండగంతా వీధిలోనే, అదీ గురువారం నుంచి బుధవారం తెల్లవారేదాకా. నెల్లూరు భూమధ్యరేఖకు ఎంత ఎగువన ఉందో సాల్వడార్ ఇంచుమించు అంత దిగువన ఉంది. అందుకే ఫిబ్రవరిలో వాళ్లకు నడివేసవి, ఉక్కపోత.

అక్కడ ఊరేగింపుకు ప్రాణం 'ట్రియో ఎలెత్రికో' అనే స్పీకర్ల లారీ. 1950లో దోదో, ఓస్మార్ అనే ఇద్దరు పాత ఫోర్డ్ కారు మీద వాద్యాలు పెట్టి మొదలుపెట్టారు. ఇప్పుడది మేడంత లారీ, పైన గాయకులు. లారీ చుట్టూ పెద్ద మోకు పట్టుకుని కూలీలు నడుస్తారు. డబ్బు కట్టి 'అబదా' అనే చొక్కా కొన్నవాళ్లు మోకు లోపల, ఊరికే వచ్చినవాళ్లు బయట. బయటివాళ్లను 'పిపోకా' అంటారు, అంటే పేలాలు. ప్రమాదం ఉండేది ఈ బయటే. రోడ్డు సన్నబడినచోట మోకు పక్కకు జరిగి జనాన్ని గోడకు నొక్కేస్తుంది. బార్రా-ఒందీనా అనే ఊరేగింపు దారిలో ఒక పక్క సముద్రం, పిట్టగోడ. మోకుకీ గోడకీ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. లారీ కనబడగానే పక్క సందు మొగలోకి జరిగి, దాన్ని పోనిచ్చి వెనక నడవండి. ఒత్తిడి పెరిగితే చేతులు రెండూ రొమ్ముకు అడ్డం పెట్టుకుని, జనం కదిలే వైపే కదులుతూ ఏటవాలుగా అంచుకు రావాలి. కిందపడ్డ ఫోన్ కోసం వంగొద్దు. మోకు లేని లారీలూ ఉంటాయి, కొత్తవాళ్లకు అవి హాయి.

దొంగతనాల్లో మొదటిది ఫోన్. జనంలోకి పాత ఫోన్ తీసుకెళ్లండి. మన సిమ్ ఉన్న అసలు ఫోన్, పాస్‌పోర్టు గదిలో తాళం వేసి ఉంచాలి. ఆ సిమ్ పోతే బ్యాంకు ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే చేతిలో కార్డుండీ డబ్బుండదు. ఆ రోజుకు సరిపడా నోట్లు, ఒక కార్డు, పాస్‌పోర్టు జిరాక్స్ బట్టల లోపల నడుముకు కట్టే గుడ్డ సంచిలో పెట్టుకోండి. కాలికి బూట్లే, చెప్పులొద్దు, దారంతా గాజుపెంకులు. మన యూపీఐలాంటి 'పిక్స్' అక్కడ ఊరంతా నడుస్తుంది గానీ దానికి ఆ దేశపు గుర్తింపు నంబరు కావాలి. మనకు కార్డే గతి, బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోవాలి. వీధి వ్యాపారి మిషన్ ఇచ్చినప్పుడు అంకె చదివాకే పిన్ నొక్కండి. వాళ్లకు దశాంశానికి కామా, వేలకు చుక్క. 15,00 అంటే పదిహేను రియాలు (బ్రెజిల్ డబ్బు). 150,00 ఉంటే ఒక సున్నా ఎక్కువ వేశారన్నమాట. తెర పగిలిన మిషన్ అయితే కార్డు తీయొద్దు.

ఆడపిల్లలకు ఒక మాట. పూసల దండ వేసి బదులుగా ముద్దు అడిగే అలవాటు అక్కడ ఉంది. 'నావ్' అంటే వద్దని. మీద చెయ్యి వేయడం 2018 నుంచి అక్కడ చట్టరీత్యా నేరం. పోలీసు 190, అంబులెన్సు 192, మహిళల సహాయానికి 180. పరిచయం లేనివాళ్లు ఇచ్చిన పానీయం ఆడామగా ఎవరూ తాగొద్దు, మత్తు కలిపి దోచుకునేవాళ్లున్నారు.

తిండికి బెంగపడొద్దు. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు వీధి మూలన 'అకరజే' వేస్తుంటారు. అచ్చం మన అలసంద వడే. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయతో రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మధ్యకు చీల్చి ఎండురొయ్యలు, 'వతపా' అనే ముద్ద కూరుతారు. శాకాహారులు రొయ్యలు వద్దంటే చాలదు, ఆ ముద్దలోనూ రొయ్యలుంటాయి. ఉత్త వడ అడగండి. ఆ నూనె అలవాటు లేని కడుపుకు మొదటిరోజు ఒకటి చాలు.

ఇంత దూరం వెళ్లినవాళ్లు 'ఫిల్యోస్ జి గాంధీ' ఊరేగింపు చూడకుండా రావొద్దు. 'గాంధీ బిడ్డలు' అని అర్థం. మహాత్ముడు పోయిన మరుసటి ఏడు, 1949లో, సాల్వడార్ రేవు హమాలీలు పెట్టుకున్న బృందమది. తెల్లబట్టలు, తలకు తువ్వాలు పాగా, మెడలో నీలం తెలుపు పూసలతో వేలమంది మెల్లగా నడుస్తారు. 1921లో గాంధీజీ వచ్చి పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించిన జిల్లావాళ్లం, ఆ తెల్లపాగాల వరస చూస్తే మనకు గుండె నిండుతుంది.

ఇంట్లోవాళ్లతో రోజుకొక వేళ అనుకోండి. అక్కడ మధ్యాహ్నం 12 అయితే మనకు రాత్రి 8.30. గది మాత్రం నెలల ముందే తీసుకోవాలి, పండగకు అయిదారు రాత్రులు కలిపితేనే ఇచ్చేచోట్లు ఎక్కువ.

వచ్చే కార్నివాల్‌కు మీ పత్రికలో ఫొటో వేసినప్పుడు, కింద టీకా గురించి, ఆ పది రోజుల లెక్క గురించి రెండు లైన్లు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దర్గామిట్ట, నెల్లూరు