హోయ్ ఆన్‌లో మమ్మల్ని మేడెక్కించిన వాళ్లకు

అందరికీ నమస్కారం. వియత్నాంలోని హోయ్ ఆన్‌లో వరదలో చిక్కుకున్న మేమిద్దరం క్షేమంగా విజయవాడ చేరాం. మా ఆయన కాలికి కట్టు ఇంకా ఉంది, కొంచెం కుంటుతున్నారు, అంతే. ఫోన్లు చేసినవాళ్లకూ మెసేజ్‌లు పెట్టినవాళ్లకూ విడివిడిగా జవాబు చెప్పలేకపోయాను, ఏమీ అనుకోకండి. ఇది అందరికీ కలిపి.

ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. మమ్మల్ని తన మేడ మీద ఉంచుకున్న కుట్టు షాపు అవ్వ రాయొద్దంది. వీధి వీధంతా చేసిన పనికి నా పేరొక్కటీ ఎందుకు అంది. తెలుగు ఆమెకు రాదు కాబట్టి రాసినా తెలియదనుకోండి. కానీ మాటిచ్చాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్తాను. పెళ్లైన ఆరేళ్లకు కుదిరిన ప్రయాణం ఇది. చెరో బ్యాగు వీపున తగిలించుకుని హనోయ్‌లో దిగి, రైళ్లలో, స్లీపర్ బస్సుల్లో దక్షిణానికి పోతూ సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) తేలాలని ప్లాన్. హనోయ్ నుంచి సైగాన్‌కి రైలు దారి 1,726 కిలోమీటర్లు, ముక్కలు ముక్కలుగా అంతా చూసేద్దాం అనుకున్నాం. హా జాంగ్ కొండల్లో నాలుగు రోజులు స్థానిక కుర్రాళ్ల బండ్ల వెనక కూర్చుని తిరిగాం. మన దగ్గర ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లదు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ‘మా పీ లెంగ్’ అనే కనుమ మీంచి కిందకి చూస్తే ఆకుపచ్చ దారంలా కనిపించే ఞో క్వే నది గురించి ఇంకోసారి రాస్తాను. నిన్ బిన్, హుయే అయ్యాక సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే హాయ్ వాన్ రైలెక్కి డా నాంగ్‌లో దిగి, హోయ్ ఆన్ చేరాం. అక్టోబరు 24. అక్కడికి దగ్గర్లోనే ‘మీ సన్’ అనే చోటు ఉంది, ఒకప్పుడు అక్కడ ఏలిన చంపా రాజులు కట్టించిన శివాలయాలు. మన పురావస్తు శాఖవాళ్లు కూడా వెళ్లి బాగుచేశారు. కార్తీకమాసంలో అక్కడ దీపం పెడదామని వత్తులు కూడా పట్టుకెళ్లాను. ఆ వత్తులు ఎక్కడ వెలిగాయో చెప్తాను.

హోయ్ ఆన్ దర్జీల ఊరు. ఇవాళ కొలతలిస్తే రేపో ఎల్లుండో బట్టలు చేతికిస్తారు. మా నాన్నకి ఓ లినెన్ చొక్కా కుట్టిద్దామని పాత బస్తీలో ఒక సందులోని షాపులో ఇచ్చాం. ఒక అవ్వ, ఆవిడ కూతురు నడుపుతారు. ఆరు లక్షల డాంగ్‌లు, సగం అడ్వాన్సు. లక్షలనగానే కంగారు పడకండి, మన రూపాయికి దాదాపు మూడొందల డాంగ్‌లు. 27వ తేదీ సాయంత్రం చొక్కా తీసుకుందామని వెళ్లేసరికి సందు మొదట్లో నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. షాపులో ఎవరూ కుట్టడం లేదు. గుడ్డ థాన్లు పైకెక్కిస్తున్నారు.

ఆ ఇళ్ల సంగతి చెప్పాలి. రెండొందల ఏళ్ల నాటి చెక్క ఇళ్లు. మేడ నేలలో మధ్యన ఒక చెక్క జాలీ తలుపు ఉంటుంది. అది ఎత్తితే కింద గది నుంచి సామాను నేరుగా పైకి లాగేయొచ్చు. వ్యాపారుల ఇళ్లు కదా, వరదొస్తే సరుకు కాపాడుకోవడానికి అప్పుడే అలా కట్టుకున్నారు. ఆ జాలీలోంచి కూతురు చేతులు చాచి నిలబడింది, కింద అవ్వ ఒక్కతే థాన్లు అందిస్తోంది. మా ఆయన బ్యాగు పక్కన పడేసి ఆమె చేతిలోది అందుకున్నారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. గంటసేపు థాన్లు, కుట్టు మిషన్లు, బొత్తాల డబ్బాలు, చివరికి గ్యాసు పొయ్యి. అన్నీ ఎక్కాక మాకు మా హోటల్ గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే కింద అంతస్తు మునిగింది, రావద్దన్నారు. వాళ్లదీ తప్పు కాదు. మా మొహాలు చూసి అవ్వ జాలీ తలుపు వైపు వేలు చూపించింది. థాన్ల తర్వాత మేమూ ఎక్కాం.

నాలుగు రాత్రులు గుడ్డల మీద పడుకున్నాం. కరెంటు తీసేశారు. పైన ఎగువ డ్యాముల నుంచి నీళ్లు వదిలినప్పుడల్లా వార్డు మైకులో చెప్పేవారు. మాకు మాటలు అర్థం కాకపోయినా, మైకు మోగగానే అవ్వ మెట్లు లెక్కపెట్టేది, ఎన్ని మునిగాయో. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా అత్తగారు చేసింది కూడా ఇదే. అప్పుడు మేం రెండో అంతస్తు డాబా మీంచి పాల ప్యాకెట్ల పడవ కోసం కేకలేసినవాళ్లం. అప్పుడు ఎవరో తెచ్చిచ్చిన పులిహోర పొట్లాలు తిన్నాం, ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. థాంక్స్ చెప్పడానికి కూడా మొహం చూడలేదు. అది లోపల ఉండిపోయిందేమో, ఇక్కడ ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తిండి విషయానికొస్తే, కార్తీకంలో మేం నీసు ముట్టం. అక్కడ కూరగాయల కూరలో కూడా చేప సాసు పడుతుంది. "అన్ చాయ్" అని చెప్తే శాకాహారం అని అర్థం. ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్లడం ఎంత మంచిదైందో! అవ్వ బౌద్ధురాలు, పాడ్యమికీ పున్నమికీ ఆమెకు కూడా శాకాహారమే. అందుకని ఇంట్లో టోఫు, వేరుశనగలు, నీసు లేని నూడుల్స్ ప్యాకెట్లు ఉన్నాయి. అవి మాకు విడిగా దాచింది. మేం ముగ్గురు ఆడవాళ్లం వండుతుంటే మా ఆయన బకెట్‌తో వాన నీళ్లు పట్టేవారు.

28 రాత్రి చీకట్లో ఆయన కిందకి దిగారు, మెట్టుకి కొట్టుకుంటున్న బల్ల ఒకటి కట్టేద్దామని. అరికాల్లో రేకు దిగింది. రక్తం ఆగింది గానీ వరద నీటి గాయం, తుప్పు రేకు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పైగా ఆయనకు పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడోసారి ప్రాణం మీదకొచ్చింది. ఆ ముక్క అక్కడ డాక్టరుకి ఎలా చెప్పాలి? డేటా సిగ్నల్ లేదు, తర్జుమా యాప్ తిరుగుతూనే ఉంది. మెసేజ్‌లు మాత్రం అప్పుడప్పుడు పోతున్నాయి. మా కాలేజీ గ్రూపులో రాత్రి రెండు లైన్లు పెట్టాను. తెల్లారేసరికి మూడు నంబర్లు వచ్చాయి. ఆ మెసేజ్‌ని ఎవరు ఎవరికి పంపారో, ఎన్ని చేతులు మారిందో నాకు పూర్తిగా తెలియదు. పంపిన ప్రతి ఒక్కరికీ దండం.

ఆ మూడింట్లో ఒకటి కర్నూలు అమ్మాయిది. మెకాంగ్ డెల్టా వైపు మెడిసిన్ చదువుతోంది. అమ్మా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. పరీక్షలున్నా ఆ మూడు రోజులూ ఫోన్ దగ్గర పెట్టుకు కూర్చున్నావు. "అక్కా, కంగారు పడకు, స్పీకర్ ఆన్ చేసి డాక్టర్ ముందు పెట్టు" అన్నావు చూడు, అప్పటిదాకా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. పెన్సిలిన్ సంగతి నువ్వే చెప్పావు. కుట్లు ఎందుకు వెయ్యలేదని నేను గొడవపడబోతే, వరద నీటి గాయాన్ని వెంటనే మూసెయ్యకూడదని నాకు అర్థమయ్యేలా నువ్వే చెప్పావు. మీ అమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడ నీకంటే ఎక్కువ మాట్లాడతారు.

మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన అక్కడి తమ్ముడిది పుట్టి. అవును, మన కృష్ణలో తిరిగే పుట్టిలాంటిదే, వెదురు అల్లి, జిగురు పూసిన గుండ్రటి తెప్ప. మామూలు రోజుల్లో కొబ్బరి తోపుల్లో టూరిస్టుల్ని అందులో ఎక్కించి పాట పెట్టి గిరగిరా తిప్పుతాడట. ఆ రోజు తిప్పలేదు. దుకాణాల బోర్డులు చేతికందే ఎత్తులో పోతూ, వైర్లకు తల తగలకుండా మమ్మల్ని వంచుతూ పొడి రోడ్డు దాకా చేర్చాడు. అక్కడ ఎవరో బండి మీద ఎక్కించుకున్నారు. ఆ ఎవరో మొహం రెయిన్‌కోటులో కనపడలేదు. టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చిన నర్సమ్మ మా తడి బట్టలు చూసి తన స్వెట్టరు నాకిచ్చింది. దాన్ని కొరియర్లో తిరిగి పంపాను, చేరిందో లేదో.

ఇంకో సంగతి. వాళ్ల భాషలో "నువ్వు, మీరు" అని విడిగా పెద్దగా వాడరు, వరసలు కలిపి పిలుస్తారు. నా కన్నా పెద్దదైతే అక్క, చిన్నవాడైతే తమ్ముడు, నాన్న తమ్ముడి వయసైతే బాబాయి, ఇంకా పెద్దావిడైతే "బా", అంటే అవ్వ. కర్నూలు అమ్మాయి ఇది చెప్పాక ఇక నేను ఆగలేదు. బా మమ్మల్ని "కాన్" అనేది, బిడ్డా అని. మా అత్తగారికి ఇది చెప్తే, "అందులో వింతేముంది, మరి ఎలా పిలుస్తారు?" అన్నారు.

29 రాత్రి నీళ్లు బాగా ఎక్కువయ్యాయి. ఆ రాత్రే నా వత్తులు బయటకొచ్చాయి. వేరుశనగ నూనె పోసి, టీ కప్పుల్లో వెలిగించాను. బా తన పూజ అరుగు మీద రెండు పెట్టించింది. అప్పుడు చెప్పింది 1964 వరద గురించి. "థిన్ సంవత్సరపు వరద" అంటారట. అప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు, వాళ్ల నాన్న పెంకులు తీసి కప్పు మీదకి ఎక్కించాడు. వాళ్లకీ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది, ప్రతి ఏడాదికీ పేరు. 1964 పేరు ‘యాప్ థిన్’. నేను వేళ్ల మీద లెక్కేశాను. మనకు 1964 క్రోధి. అరవై కలిపితే 2024, మళ్లీ క్రోధి, మా సింగ్ నగర్ మునిగిన ఏడాది. కర్నూలు అమ్మాయి ఫోన్లో ఇది చెప్పగానే బా నా మోకాలి మీద చరిచి నవ్వింది. "అయితే మీ థిన్ మీకు అయిపోయింది, ఇది నా వంతు" అందట.

నీళ్లు తగ్గడం మొదలుకాగానే అసలు పని. నీరు ఎంతవరకు తగ్గితే అంతవరకు వెంటనే కడిగెయ్యాలి, అదే నీళ్లతో బురద తోసెయ్యాలి. పూర్తిగా తగ్గాక చూద్దామంటే అది సిమెంటులా పట్టేస్తుంది. మాకు సింగ్ నగర్‌లో ఇది తెలియలేదు, ఫైరింజన్లు వచ్చి కొట్టినా మూలల్లో ఇప్పటికీ ఉంది. ఆయన్ని కదలనివ్వలేదు గానీ నేనూ, బా కూతురూ, పక్కింటి బాబాయీ చీపుళ్లు పట్టాం. వరదలో తమ ఇల్లు మునిగినవాళ్లు కూడా ముందు ఈ షాపుకొచ్చి, తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లారు. సందులో అందరి ఇళ్లూ అలాగే వరసన కడిగారు.

బయల్దేరేటప్పుడు ఐదు లక్షల నోట్లు పది కవర్లో పెట్టిచ్చాను. మన లెక్కలో పదహారు, పదిహేడు వేలు. బా కళ్లజోడు పెట్టుకుని ఒక్క నోటు తీసుకుంది. చొక్కా బాకీ మూడు లక్షలు కదా, రెండు లక్షలు చిల్లర లెక్కపెట్టి, మిగతా తొమ్మిది నోట్లతో కలిపి కవరు నా చేతిలో పెట్టింది. బతిమాలాను. కూతురు వైపు చూశాను, ఆమె తల అడ్డంగా ఊపింది. సైగాన్ మాకు ఈసారి కాలేదు. డా నాంగ్ నుంచే వెనక్కి వచ్చేశాం.

షాపు మళ్లీ తెరిచారు, మిషన్లు తిరుగుతున్నాయని కూతురు ఫొటో పంపింది. హోయ్ ఆన్ వెళ్లేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, దారి చెప్తాను. చొక్కా మా నాన్నకి సరిగ్గా సరిపోయింది. ఎడమ చేతికి మాత్రం బొత్తం లేదు, ఆ డబ్బా థాన్ల కింద ఎక్కడో ఉండిపోయింది. నేను ఇక్కడ కుట్టించేస్తానంటే బా ఒప్పుకోలేదు. వచ్చినప్పుడు తనే కుడుతుందట.